గ్రానైట్ నేలలో నీటి పటం: ఒక వాగు పరీవాహకంలో రాళ్లను, జలస్తరాలను గుర్తించి పటం గీసే పద్ధతి

తెలంగాణలో గానీ రాయలసీమలో గానీ బోరు వేయించబోయే రైతు ముందుగా అడిగేది నీళ్లు ఎన్ని అడుగుల్లో పడతాయని. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా తిరిగే ఆయన చెప్పినా, మీటరు పెట్టి చూసే జియాలజిస్టు చెప్పినా ఆ జవాబు ఒక్క చుక్కకే పరిమితం. ఊరి చుట్టూ యాభై చదరపు కిలోమీటర్ల మేర నేల కింద ఏ రాయి ఉంది, అది ఎంత లోతు వరకు గుల్లబారింది, నీరు ఎటు నుంచి ఎటు కదులుతోంది, ఏడాదికి ఎంత చేరి ఎంత పోతోంది అన్నవి తెలియాలంటే పటం గీయక తప్పదు. ఆ పటాన్ని ఇద్దరు ముగ్గురు మనుషులు, తక్కువ పరికరాలతో, ఒక ఏడాదిలో ఎలా తయారు చేయవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. ఏడాది ఎందుకంటే వానాకాలానికి ముందు ఒకసారి, తరువాత ఒకసారి నీటిమట్టం కొలవకుండా గీసిన పటం సగం పటమే అవుతుంది.

ఉదాహరణగా హైదరాబాదుకు దక్షిణాన ఉన్న మహేశ్వరం వాటర్‌షెడ్‌ను తీసుకుంటాను. సుమారు 53 చదరపు కిలోమీటర్ల ఈ గ్రానైట్ పరీవాహకాన్ని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రాన్స్ భూవిజ్ఞాన సంస్థ బీఆర్‌జీఎం కలిసి 1999లో నెలకొల్పిన ఇండో-ఫ్రెంచ్ భూగర్భ జల పరిశోధన కేంద్రం ఏళ్ల తరబడి అధ్యయనం చేసింది. గట్టిరాతి నేలల్లో నీరు ఎలా నిలుస్తుందో మనకు ఈరోజు తెలిసినదానిలో చాలా భాగం అక్కడి బోర్లు నేర్పినదే.

ముందుగా మనసులో ఉండవలసిన బొమ్మ

నీటిని పట్టి ఉంచి, బావికి తగినంతగా వదలగలిగే నేలపొరను జలస్తరం అంటాం. ఇంగ్లీషులో ఆక్విఫర్ అనేది దీన్నే. గ్రానైట్ నేలలో జలస్తరం అనగానే లోతున పారే పాతాళగంగను ఊహించుకోవడం మన అలవాటు. నిజానికి అది నేలకు తొడిగిన చొక్కా వంటిది. పైన ఎర్రచెల్క మట్టి, దాని కింద మొరం, ఆ కింద చేత్తో నలిపితే పొడి అయ్యే గుల్లరాయి వరుసగా ఉంటాయి. మహేశ్వరం వంటి చోట్ల ఈ మెత్తటి భాగం సుమారు పది నుంచి ఇరవై మీటర్లు ఉంటుంది. దాని అడుగున రాయి తాజాగానే ఉన్నా, నేలకు ఇంచుమించు సమాంతరంగా పోయే పగుళ్లతో నిండి ఉంటుంది; ఈ పగుళ్ల పొర మరో పదిహేను ఇరవై మీటర్లు సాగుతుంది. ఆ తరువాత గట్టి బండ వస్తుంది. మెత్తటి పొర నీటిని దాచుకుంటే, పగుళ్ల పొర దాన్ని బోరుకు చేరవేస్తుంది. మహేశ్వరంలో సుమారు నలభై మీటర్లు దాటాక నీరున్న పగుళ్లు బాగా అరుదని తేలింది. అరుదంటే అసలు లేవని కాదు. వెయ్యి అడుగుల్లో నీళ్లు పడిన బోరు ఒకటి ప్రతి మండలంలోనూ ఉంటుంది, దాన్ని చూసి వేసిన ఎండు బోర్లు మాత్రం లెక్కకు రావు.

కాబట్టి గ్రానైట్ నేలలో జలస్తర పటం గీయడమంటే ప్రధానంగా రెండు మందాలను గీయడమే: మెత్తటి పొర మందం, పగుళ్ల పొర మందం. ఈ పని మొత్తానికి ఒక కట్టుబాటు పెట్టుకోవాలి. కంటితో చూసినదాన్ని నిండు గీతతో, ఊహించినదాన్ని తెగిన గీతతో గీయాలి. తెలియనిచోట ఖాళీ వదిలేయాలి. రంగులు నిండుగా ఉన్న పటాలను నేను మొదట అనుమానంతోనే చూస్తాను.

మొదటి అడుగు: హద్దు, పాత పటాలు

పటానికి మండలం హద్దునో గ్రామం హద్దునో తీసుకోకూడదు. నీటికి రెవెన్యూ హద్దులు తెలియవు. ఒక వాగును ఎంచుకుని, అందులోకి వాననీరు చేరే నేలనంతటినీ చుట్టే గట్టు రేఖను హద్దుగా పెట్టుకోవాలి. గట్టిరాతి నేలల్లో భూగర్భ జలాల గట్టు, నేలమీది గట్టు చాలావరకు ఒకే చోట ఉంటాయి కాబట్టి ఈ పద్ధతి ఇక్కడ చెల్లుతుంది. మొదటిసారి చేసేవారు 30 నుంచి 60 చదరపు కిలోమీటర్లకు మించి తీసుకోకపోవడం మంచిది.

ఆధార పటంగా సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపోషీటు, అంటే నేల ఎత్తుపల్లాలు, వాగులు, ఊళ్లు చూపే పటం కావాలి; అందులో రెండు సెంటీమీటర్లు నేలమీద ఒక కిలోమీటరు. పాత సంఖ్యల పద్ధతిలో 56కె షీటు 17 నుంచి 18 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య, 78 నుంచి 79 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య ఉన్న నేలను చూపిస్తుంది; దాన్ని పదహారు ముక్కలు చేస్తే మహేశ్వరం ఎనిమిదో ముక్కలో పడుతుంది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా రాతి పటాలు భూకోశ్ పోర్టల్‌లో, ఉపగ్రహ చిత్రాలు ఇస్రో వారి భువన్‌లో దొరుకుతాయి. కేంద్ర భూగర్భ జల మండలి 2012లో మొదలుపెట్టిన జాతీయ జలస్తర పటాల కార్యక్రమం కింద వచ్చిన జిల్లా నివేదికలు, రాష్ట్ర భూగర్భ జల శాఖ పరిశీలక బోర్ల నీటిమట్టాలు కూడా సేకరించాలి. వీటన్నిటినీ క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పరచుకోవచ్చు. జిల్లా పటాన్ని పెద్దది చేసి ఊరి పటంగా వాడుకోవడం మాత్రం తప్పు. జిల్లా స్థాయిలో ఒకే రంగు పూసిన చోట మీ వాగులో నాలుగు రకాల నేలలు ఉండవచ్చు.

కదలకముందే ఉపగ్రహ చిత్రం మీద సూటిగా సాగే గీతలను గుర్తించండి. వాగు ఉన్నట్టుండి మలుపు తీసుకుని కిలోమీటరు దూరం తిన్నగా పోవడం, ఎండాకాలంలోనూ పచ్చగా కనిపించే చెట్ల వరుస, బండరాళ్లు ఒకే గీతలో పేరుకుని ఉండటం వంటివన్నీ లోపలి పగుళ్లకు గుర్తులు కావచ్చు. కావచ్చు అనే అంటున్నాను. పాత బండ్లబాట, పూడిన కాలువ, రెండు సర్వే నంబర్ల మధ్య గట్టు కూడా పైనుంచి అలాగే కనిపిస్తాయి. కాలినడకన చూసి వచ్చేదాకా ఇవన్నీ తెగిన గీతలే.

రెండో అడుగు: రాతి నడక

సుత్తి, పదిరెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, వాలు కొలిచే దిక్సూచి, జీపీఎస్ ఉన్న ఫోను, నోటుబుక్కు ఉంటే చాలు. సున్నపురాయి ఉన్న ప్రాంతమైతే పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చిన్న సీసా అదనం. చుక్క వేయగానే నురగ వస్తే అది సున్నపురాయి. నడక దారులను వాగుకు అడ్డంగా, గట్టు నుంచి గట్టుకు వేసుకోవాలి. వాగు వెంబడే నడిస్తే ఒకే రకం నేల మళ్లీ మళ్లీ కనిపించి మోసపుచ్చుతుంది.

రాయి కనిపించిన ప్రతిచోటా ఆగి అది ఏ రాయి, ఎంత గుల్లబారింది, పగుళ్లు ఏ దిక్కుకు సాగుతున్నాయి, నిలువుగా ఉన్నాయా పడక మీద ఉన్నాయా, మీటరు నిడివికి ఎన్ని ఉన్నాయి అన్నది రాసుకోవాలి. క్వారీ కనిపిస్తే పండగే. గ్రానైట్ క్వారీ గోడలో పైనుంచి కిందికి నేల నిర్మాణం మొత్తం ఒక్క చూపులో దొరుకుతుంది: ఎర్రమట్టి, మొరం, ఉల్లిపాయ పొరల్లా ఊడివచ్చే రాయి, దాని కింద తాపీమేస్త్రీ మట్టం పెట్టి గీసినట్టు అడ్డంగా సాగే పగుళ్లు, అడుగున పగులు లేని బండ. పగుళ్ల అంచున తుప్పు రంగు మరక ఉంటే అక్కడ ఎప్పుడో నీరు నడిచిందని అర్థం.

గ్రానైట్ నేలలో రెండు విషయాలను ప్రత్యేకంగా వెతకాలి. ఒకటి డోలరైట్ డైకులు: నేలలోకి గోడలా చొచ్చుకువచ్చిన నల్లరాయి. గుండ్రటి నల్లరాళ్లు గుట్టలు గుట్టలుగా ఒకే వరుసలో పోగుపడి ఉంటే దాన్ని డైకుగా భావించి వెంట నడవండి. అది గుల్లబారకుండా ఉంటే భూమిలోపలి ఆనకట్టలా నీటిని ఎగువన ఆపుతుంది. దాని అంచులు పగిలి ఉంటే ఆ అంచునే నీరు పారుతుంది. డైకుకు ఎగువన, దిగువన ఉన్న బావుల నీటిమట్టాలను పోల్చి చూస్తేనే అది ఏ రకమో తేలుతుంది. రెండోది పలుగురాతి తెరలు. ఇవి పెళుసు కాబట్టి ఎక్కువగా పగులుతాయి, తరచూ మంచి బోర్లు వీటి అంచునే ఉంటాయి.

రాయి మారితే పటం గీసే పద్ధతీ మారాలి. నంద్యాల వైపు సున్నపురాయిలో నీరు రాతిని కరిగించి దారి చేసుకుంటుంది. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు అలా ఏర్పడినవే. అక్కడ పక్కపక్క బోర్లకు పొంతన ఉండదు, మందాల పటానికి అర్థమూ ఉండదు. వికారాబాద్, జహీరాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల బసాల్టులో లావా ప్రవాహాలు అంతస్తులుగా ఉంటాయి, వాటి మధ్య బుడగల రాతిలోనూ అతుకుల్లోనూ నీరు నిలుస్తుంది కాబట్టి ప్రతి ప్రవాహం సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉందో గుర్తించాలి. గోదావరి, కృష్ణా డెల్టాల ఒండ్రులో అసలు సమస్య నీరు దొరకడం కాదు, మంచినీరు ఎంత లోతున ఉప్పునీటిగా మారుతుందన్నది. ఇక్కడి నుంచి మళ్లీ గ్రానైట్‌కే వస్తాను.

మూడో అడుగు: బావుల జాబితా

ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువ సమాచారం తక్కువ ఖర్చుతో దొరికే అడుగు ఇదే, అందరూ తొందరగా ముగించేదీ ఇదే. ఊళ్లో ఉన్న ప్రతి బోరూ ఒక తవ్వకపు పరీక్ష. దానికి రైతు అప్పటికే డబ్బు కట్టేశాడు. మన పని ఆ ఫలితాలను అడిగి రాసుకోవడం మాత్రమే.

బోరు మొత్తం ఎన్ని అడుగులని అడిగితే రైతులు పెంచో తగ్గించో చెబుతారు. కేసింగ్ ఎన్ని అడుగులు దిగిందని అడగండి. కేసింగ్ పైపుకు అడుగు లెక్కన డబ్బు కట్టారు కాబట్టి ఆ అంకె ఇరవై ఏళ్లయినా మరచిపోరు; కొందరి దగ్గర చీటీ కూడా ఉంటుంది. మట్టి, మొరం, గుల్లరాయి కూలకుండా గట్టిరాయి తగిలేవరకు కేసింగ్ దించుతారు. అంటే కేసింగ్ పొడవే ఇంచుమించు మెత్తటి పొర మందం. అరవై అడుగుల కేసింగ్ అంటే దాదాపు 18 మీటర్ల మెత్తటి పొర. రెండువందల బోర్ల కేసింగ్ లోతులు రాసి పటం మీద పెడితే, పరికరమేదీ పట్టకముందే ఆ పొర ఎక్కడ మందమో ఎక్కడ పలచనో బయటపడుతుంది. డబ్బు మిగల్చడానికి పొట్టి కేసింగుతో సరిపెట్టిన బోర్లు, ఇసుక కూలుతుందని గట్టిరాయిలోకి కూడా దించిన బోర్లు కొన్ని ఉంటాయి. చుట్టుపక్కల పదింటితో పోలిస్తే అవి తెలిసిపోతాయి.

దాని తరువాత అడగవలసినవి: మొదటి జల ఎన్ని అడుగుల్లో తగిలింది, ఆ తరువాత గ్యాప్‌లు, అంటే పగుళ్లు ఎక్కడెక్కడ వచ్చాయి, వేసినప్పుడు ఎన్ని ఇంచుల నీళ్లు, ఇప్పుడు ఎన్ని, మోటారు ఎంత లోతున దింపారు, ఎండాకాలంలో ఎంతసేపు పోస్తుంది. ఎండిపోయిన బోర్లనూ తప్పకుండా రాసుకోవాలి. వాటి గురించి ఎవరూ తమంతట తాము చెప్పరు, పటానికి మాత్రం అవి నీళ్లున్న బోర్లంత విలువైనవి. బోరు రిగ్గు పనిచేస్తున్నప్పుడు అక్కడే ఉండే అవకాశం వస్తే వదులుకోకండి. పది అడుగులకొకసారి గుప్పెడు రాతిపొడి తీసి కాగితం మీద వరుసగా పోయండి. గోధుమరంగు పొడి రాలినంతసేపూ మెత్తటి పొరలో ఉన్నట్టు. నలుసుల్లో ఒకవైపు మాత్రమే తుప్పు మరక కనిపిస్తే పగులు దాటినట్టు. తెల్లటి పొడి దుమ్ములా లేస్తుంటే గట్టి బండ.

పాత దిగుడు బావుల్లోకి దిగి చూడటం ఇంకా మేలు. తెలంగాణలో ఇలాంటి బావులు ఊరికి పదుల సంఖ్యలో ఎండి పడి ఉన్నాయి. మెట్ల మీదుగా దిగుతుంటే గోడే పుస్తకం. పైన రాతికట్టడం ముగిసిన చోట మొరం మొదలవుతుంది; ఇంకా దిగితే పాత మోటల కాలంలో నీరు నిలిచిన మట్టం తెల్లటి చారగా గోడచుట్టూ కనిపిస్తుంది; దాని కింద అడ్డపు పగుళ్లలో ఎండిన వేళ్లు వేలాడుతుంటాయి. బావి అడుగున కేసింగ్ మూతి కనిపిస్తే, నీరు తగ్గాక బావిలోనే బోరు వేశారన్నమాట. ఆ చార లోతు, పగుళ్ల లోతు టేపుతో కొలిచి రాసుకోండి. పాములుంటాయి, అంచు రాళ్లు కదులుతాయి, అడుగున గాలి చెడి ఉండవచ్చు. ఒంటరిగా ఎప్పుడూ దిగవద్దు.

నాలుగో అడుగు: నీటిమట్టాలు

జాబితాలో నుంచి ప్రాంతమంతటా పరచుకుని ఉండేలా ముప్పై నలభై బావులు, బోర్లు ఎంచుకుని మే చివరలో ఒకసారి, నవంబరులో ఒకసారి కొలవాలి. నెలనెలా కొలవగలిగితే మరీ మంచిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం వంటి కరువు జిల్లాల్లో ఏపీఫామ్స్ పేరుతో నడిచిన రైతుల భూగర్భ జల యాజమాన్య పథకంలో రైతులే వానను, నీటిమట్టాన్ని కొలిచి బోర్డుల మీద రాసేవారు. కొలిచేవారికి డిగ్రీ అక్కరలేదని, క్రమం తప్పకపోవడం ఒక్కటే ముఖ్యమని అప్పుడే రుజువైంది.

కొలతలో మూడు తప్పులు జరుగుతాయి. మొదటిది, మోటారు నడుస్తున్నప్పుడో ఇప్పుడే ఆగినప్పుడో కొలవడం. ఆటో స్టార్టరు పెట్టుకున్న బోరు కరెంటు వచ్చిన ప్రతిసారీ తనంతట తానే నడుస్తుంది కాబట్టి ముందురోజు రైతుతో మాట్లాడి కనీసం కొన్ని గంటలు ఆపించి, పది నిమిషాల తేడాతో రెండుసార్లు కొలవాలి. మట్టం ఇంకా పైకి వస్తూ ఉంటే ఆ అంకె పనికిరాదు. రెండోది, కేసింగ్ పైఅంచు నుంచి కొలిచి, నేల మీద అది ఎంత ఎత్తు ఉందో తీసివేయడం మరచిపోవడం.

మూడోది నాకు జరిగినది. ఒక నవంబరులో మేం గీసిన కాంటూరు పటంలో, అంటే ఒకే ఎత్తున నీరున్న చోట్లను గీతలతో కలిపిన పటంలో, వాగుకు కుడివైపున ఒక బావి చుట్టూ నీరు కుప్పలా పొంగి కనిపించింది. అక్కడేదో ఊట ఉందని రెండు రోజులు చర్చించుకున్నాం. మళ్లీ వెళ్లి చూస్తే, రైతు తన రెండు బోర్ల నీటిని నల్లపైపుతో ఆ బావిలోకి వదిలి, నిండాక అక్కడి నుంచి పొలానికి తోడుకుంటున్నాడు. పైపు తంగేడు పొదల వెనక ఉండటంతో మొదటిసారి కంటపడలేదు. అప్పటినుంచి దిగుడు బావి కొలిచే ముందు దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేయడం అలవాటైంది.

కొలిచిన లోతును నేల ఎత్తు నుంచి తీసివేస్తే సముద్రమట్టం లెక్కన నీటి ఎత్తు వస్తుంది. ఫోను జీపీఎస్ చూపే ఎత్తులో పది మీటర్ల తేడా సులువుగా ఉండవచ్చు. దాని మీద రెండు మీటర్ల కాంటూర్లు గీయడం ఆత్మవంచన. ఎత్తులను కచ్చితంగా కొలిచే ఆటో లెవెల్ గానీ డిఫరెన్షియల్ జీపీఎస్ గానీ అద్దెకు తెచ్చి బావుల ఎత్తులు ఒక్కసారి సరిగా కొలుచుకోవాలి. కుదరకపోతే పెద్ద అంతరాలున్న కాంటూర్లతో తృప్తిపడాలి. కాంటూర్లకు లంబంగా, ఎత్తు నుంచి పల్లానికి నీరు కదులుతుంది. ఆ దారులు వాగు వైపు పోకుండా బోర్ల గుంపు వైపు తిరిగితే, వాగుకు రావలసిన నీటిని ఆ బోర్లు తాగేస్తున్నట్టే.

ఐదో అడుగు: విద్యుత్ నిరోధ పరీక్ష

బోర్లు లేని చోట ఖాళీని పూరించడానికే ఇది. భూమిలోకి రెండు కడ్డీల ద్వారా కరెంటు పంపి, మధ్యలోని మరో రెండు కడ్డీల మధ్య వోల్టేజిని కొలుస్తారు. ష్లంబర్జర్ అమరికలో బయటి కడ్డీలను క్రమంగా దూరం జరుపుతూ పోతే కొలత లోతుకు వెళుతుంది. గ్రానైట్‌లో మధ్యబిందువు నుంచి ఒక్కోవైపు వంద మీటర్ల వరకు సాధారణంగా సరిపోతుంది. పొడి ఎర్రమట్టిలో నిరోధం ఎక్కువ, తడిసిన గుల్లరాయిలో తక్కువ, గట్టి బండలో మళ్లీ చాలా ఎక్కువ కాబట్టి లాగ్ కాగితం మీద వంపు ముందు దిగి, చివర పైకి ఎగబాకుతుంది. తడి గుల్లరాయి కొన్ని పదుల ఓమ్-మీటర్లు చూపితే, పగుళ్లు లేని గ్రానైట్ వెయ్యి దాటుతుంది.

దీనికి గుడ్డితనం కూడా ఉంది. మందం తక్కువ, నిరోధం తక్కువ ఉన్న పొర, రెండూ ఎక్కువున్న పొర ఒకే వంపు ఇవ్వగలవు. బంకమట్టి, ఉప్పునీరు కూడా మంచి జలస్తరంలాగే తక్కువ నిరోధం చూపుతాయి. ఎనభై మీటర్ల లోతున ఉన్న అరచేతి వెడల్పు పగులు ఈ యంత్రానికి కనిపించనే కనిపించదు; కనిపిస్తుందని చెప్పేవారిని నమ్మవద్దు. అందువల్ల మొదటి రెండు పరీక్షలను కేసింగ్ లోతు తెలిసిన బోర్ల పక్కనే చేసి, ఆ రాతికి మీటరు ఏం చెబుతుందో తెలుసుకున్న తరువాతే తెలియని చోటికి వెళ్లాలి. హైటెన్షన్ తీగల కింద, ఇనుప కంచెల పక్కన, ఇనుప పైపులైన్ల మీద కొలవకూడదు. ఎండాకాలం కడ్డీల దగ్గర ఉప్పునీళ్లు పోయడం మరవవద్దు.

ఆరో అడుగు: పంపింగ్ పరీక్ష

జలస్తరం నీటిని ఎంత తేలికగా వదులుతుందో తెలియాలంటే రెండు మూడు బోర్లను నడిపి చూడాలి. నీటిని వృథాగా పక్కనే వదిలితే అది మళ్లీ ఇంకి కొలతను చెడగొడుతుంది. పైపుతో దూరంగా పంపాలి. పోత కొలవడానికి 90 డిగ్రీల వీ-నాచ్ పెట్టె, అంటే ఒక పక్క వీ ఆకారంలో గాడి కోసిన పెట్టె చాలు: నాచ్ అడుగు నుంచి నీటి ఎత్తు ఏడు సెంటీమీటర్లుంటే సెకనుకు దాదాపు 1.8 లీటర్లు వస్తున్నట్టు. మొదటి పది నిమిషాలు నిమిషానికొకసారి, తరువాత వ్యవధి పెంచుతూ మట్టం కొలిచి, ఆపిన తరువాత కోలుకోవడాన్ని కూడా అలాగే కొలవాలి.

కాలాన్ని లాగ్ స్కేలు మీద, మట్టం దిగిన లోతును మామూలు స్కేలు మీద గీస్తే సూటి గీత భాగం వస్తుంది. కూపర్, జాకబ్‌లు 1946లో ఇచ్చిన పద్ధతి ప్రకారం రోజువారీ పోతను 0.183తో హెచ్చవేసి, కాలం పదిరెట్లయినప్పుడు దిగిన లోతుతో భాగించాలి. సెకనుకు రెండు లీటర్లు అంటే రోజుకు 172.8 ఘనపు మీటర్లు; కాలం పదిరెట్లయ్యేసరికి మట్టం నాలుగు మీటర్లు దిగితే ట్రాన్స్‌మిస్సివిటీ, అంటే జలస్తరం తన మందమంతటా నీటిని పోనిచ్చే సత్తువ, రోజుకు దాదాపు 7.9 చదరపు మీటర్లు. గ్రానైట్‌కు అది నమ్మదగిన అంకె. గీత ఎక్కడైనా ఉన్నట్టుండి నిటారుగా దిగిపోతే, నీటిమట్టం ఒక పగులును దాటి కిందికి పోయి ఆ పగులు ఎండిందని అర్థం. ఆ లోతును నోటుబుక్కులో ఎర్రసిరాతో రాసుకోండి, అది పగుళ్ల పొర లెక్కకు పనికివస్తుంది.

ఏడో అడుగు: నీటి గుణం

ఎంపిక చేసిన బావులన్నిటా నీటిలో ఎంత లవణం కరిగి ఉందో సూచించే విద్యుత్ వాహకతను అక్కడికక్కడే కొలిచి, పదిహేను ఇరవై నమూనాలను ప్రయోగశాలకు పంపాలి. బోరును కాసేపు నడిపి, అదే నీటితో ప్లాస్టిక్ సీసాను మూడుసార్లు కడిగి నింపాలి. ఇక్కడ ఫ్లోరైడ్‌ను తప్పించలేం. ఫ్లోరైడ్ ఎక్కువైన నీటివల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో తొలిసారి గుర్తించినది 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో, ఈనాటి ప్రకాశం ప్రాంతంలో. నల్లగొండ బాధ అందరికీ తెలిసినదే. అభ్రకం, ఎపటైట్ వంటి గ్రానైట్ ఖనిజాల నుంచే అది నీటిలోకి దిగుతుంది. తాగునీటి ప్రమాణం లీటరుకు 1.0 మిల్లీగ్రాము, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు. ఫ్లోరైడ్ అంకెలను ఊరి పేరుతో కాక బోరు లోతుతో, రాతి రకంతో కలిపి పటం మీద పెడితేనే ఆ సమస్య ఎక్కడ పుడుతోందో కనిపిస్తుంది. నైట్రేటు 45 మిల్లీగ్రాములు దాటిన బావి పక్కన సాధారణంగా పశువుల కొట్టమో, మురుగుగుంటో, అధిక ఎరువుల పొలమో ఉంటుంది. అది రాతి తప్పు కాదు.

ఎనిమిదో అడుగు: పటం, కోత చిత్రం, నీటి లెక్క

ఇప్పుడు నాలుగు పటాలు వేరువేరుగా గీయాలి: రాళ్లు, డైకులు, పగుళ్ల గీతలు ఉన్నది ఒకటి, మెత్తటి పొర మందం, తెలిసినంతవరకు పగుళ్ల పొర మందం ఉన్నది ఒకటి, రెండు కాలాల నీటిమట్టాలు ఒకటి, నీటి గుణం ఒకటి. అన్నిటినీ ఒకే కాగితం మీద కుక్కితే ఎవరికీ అర్థం కాదు. కంప్యూటరు మందాలను కాంటూర్లుగా మార్చేటప్పుడు డైకు ఉందని దానికి తెలియదు, గుట్ట మీద మందం సున్నా అనీ తెలియదు. ఆ చోట్ల చేత్తో దిద్దాలి. గట్టు నుంచి గట్టుకు నేలను నిలువునా కోసినట్టు చూపే కోత చిత్రాలు రెండు తప్పనిసరి. అందులో నేల, మెత్తటి పొర అడుగు, పగుళ్ల పొర అడుగు, మే మట్టం, నవంబరు మట్టం గీస్తే ఊరి పరిస్థితి ఒక్క బొమ్మలో తేలుతుంది. మే మట్టం మెత్తటి పొర అడుగుకన్నా కిందికి పోయిందంటే నీటి గాదె ఖాళీ అయినట్టు. ఇక బోర్లు పగుళ్లలో మిగిలిన తడిని తోడుతున్నాయి.

నిల్వ లెక్క ఇలా ఉంటుంది. పది చదరపు కిలోమీటర్ల నేలలో వానల తరువాత నీటిమట్టం సగటున ఐదు మీటర్లు పెరిగిందనుకుందాం. ఆ ఘనపరిమాణాన్ని స్పెసిఫిక్ ఈల్డ్‌తో, అంటే నేల తనలోంచి వదలగల నీటి వంతుతో హెచ్చవేయాలి. కేంద్ర ప్రభుత్వం వాడే అంచనా పద్ధతి బంకమట్టి తక్కువున్న గుల్ల గ్రానైట్‌కు 3 శాతం సూచిస్తుంది. మహేశ్వరంలో పరీవాహకం మొత్తానికి లెక్కకట్టినప్పుడు 1.4 శాతమే వచ్చింది. 3 శాతం వేస్తే 15 లక్షల ఘనపు మీటర్లు, 1.4 వేస్తే 7 లక్షలు. ఎకరా వరికి ఒక పంటకాలంలో దాదాపు ఐదువేల ఘనపు మీటర్లు పెడతారనుకుంటే మొదటి లెక్కకు మూడువందల ఎకరాలు, రెండోదానికి నూటనలభై. వరిమడి నుంచి కొంత నీరు తిరిగి ఇంకుతుంది కాబట్టి అసలు లెక్క ఇంత కఠినం కాకపోవచ్చు. అయినా ఏ అంకె వాడారో, ఎందుకు వాడారో పటం కిందనే రాయాలి. ఆ ఒక్క వాక్యం లేకపోతే ఊరు నాటే ఎకరాలు రెట్టింపైపోతాయి.

పటం మూలన కొలిచిన నెలలు, బావుల సంఖ్య, గీసిన తేదీ వేసి, ఒక ప్రతిని గ్రామ పంచాయతీలో పెట్టండి. గీసేటప్పుడు ఖాళీ వదిలిన చోట్లను అక్కడి రైతులకు చూపించి, ఆ పక్క ఎవరైనా బోరు వేస్తే కబురు చేయమని చెప్పి రండి. వచ్చే వేసవిలో కబురు వస్తుంది. మీరు నలభై అడుగుల మెత్తటి పొర ఉంటుందని తెగిన గీతతో ఊహించిన చోట కేసింగ్ డెబ్బై అడుగులు దిగిందని చెబుతారు. చీటీ చూసి, రాతిపొడి చూసి, తెగిన గీతను చెరిపి, ఆ బోరు దగ్గర మాత్రం నిండు గీత పెట్టి, తేదీ మార్చండి.